రొమ్ములో గడ్డ తగిలింది, రిపోర్టు ఇంకా రాలేదు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్‌ని కాదు. మా ఇంట్లో ఇద్దరికి రొమ్ములో గడ్డ వచ్చింది, నాకూ మా పెద్దమ్మకూ. నాది ఫైబ్రోఎడినోమా, అంటే క్యాన్సర్ కాని మామూలు గడ్డ అని తేలింది, పెద్దమ్మది క్యాన్సర్ అని తేలింది, చికిత్స పూర్తయ్యాక ఆవిడ ఇప్పుడు బాగున్నారు. అప్పటి నుంచి తెలిసినవాళ్లు, వాళ్ల చుట్టాలు ఫోన్ చేసి అడుగుతూనే ఉంటారు, అడిగేవి కూడా చాలావరకు ఇవే. గడ్డ చేతికి తగిలిన రోజు నుంచి రిపోర్టు చేతికొచ్చేదాకా మధ్యలో ఉండే రోజుల గురించే ఇక్కడ రాశాను. అన్నిటికంటే ముందు ఒక్క మాట: డాక్టర్ దగ్గరైనా, స్కానింగ్ సెంటర్లోనైనా, ల్యాబ్‌లోనైనా, "మళ్లీ ఏ తేదీకి రావాలి, ఎవరిని కలవాలి" అని అడిగి, కాగితం మీద రాసుకుని మరీ బయటికి రండి.

గడ్డ తగిలింది. అంటే క్యాన్సరేనా?

చాలామందికి కాదు. ముఖ్యంగా ముప్ఫై లోపు వయసువాళ్లలో ఎక్కువగా కనిపించేది ఫైబ్రోఎడినోమా, గుండ్రంగా, గట్టిగా ఉండి వేలికింద అటూ ఇటూ జారుతుంది. 35 నుంచి 50 మధ్య నీటి తిత్తులు ఎక్కువ, వాటినే సిస్టులు అంటారు, నెలసరికి ముందు ఉబ్బి, నొప్పెట్టి, తర్వాత కొంచెం తగ్గుతాయి. పాలిచ్చే తల్లులకు పాలు గడ్డకట్టడం, చీము పట్టడం మామూలే. దెబ్బ తగిలిన చోట కొవ్వు గట్టిపడి గడ్డలా తగలొచ్చు. మన దేశంలో అరుదుగా రొమ్ముకు టీబీ కూడా వస్తుంది, అది మందులతో నయమవుతుంది.

కానీ వీటిలో ఏదో చేత్తో తడిమి మీరు తేల్చలేరు, డాక్టర్ కూడా చేత్తో చూసి మాత్రమే తేల్చి చెప్పకూడదు. 2022లో మన దేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడినవాళ్లు దాదాపు 1.9 లక్షల మంది అని అంతర్జాతీయ అంచనా. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర ఇది సుమారు పదేళ్లు ముందే వస్తోంది, అందుకే "నాకింకా నలభై రెండే కదా" అనే ధీమా పనికిరాదు.

నొప్పి లేదు. నొప్పి లేకపోతే పర్లేదంటారు కదా?

మనవాళ్లలో ఎక్కువ ఆలస్యం చేయించేది ఈ ఒక్క మాటే. నొప్పుంటే ఎలాగూ డాక్టర్ దగ్గరికి పరిగెడతాం, నొప్పి లేదు, జ్వరం లేదు, పని చేసుకోగలుగుతున్నాం, పిల్లల పరీక్షలయ్యాక చూద్దాం, చెల్లెలి పెళ్లయ్యాక చూద్దాం, ఈ పంట ఇంటికొచ్చాక చూద్దాం అంటూ నెలలు దాటిపోతాయి. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి అసలు నొప్పే పెట్టదు. నొప్పి పెట్టే గడ్డల్లో ఎక్కువ శాతం సిస్టులో, నెలసరితో వచ్చే వాపులో, ఇన్‌ఫెక్షన్‌లో అవుతాయి. అలాగని నొప్పి ఉంటే క్యాన్సర్ కాదని కూడా అనుకోలేం. నొప్పిని బట్టి ఏదీ తేల్చుకోకండి.

కొన్నాళ్లు ఆగి చూడొచ్చా?

మీకు ఇంకా నెలసరి వస్తూ ఉంటే, గడ్డ నెలసరికి ముందు తగిలితే, ఆ నెలసరి అయిపోయేదాకా ఆగి మళ్లీ చూసుకోవచ్చు. అప్పటికీ ఉంటే అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఇంకో నెల, ఇంకో నెల అనొద్దు.

నెలసరి ఆగిపోయినవాళ్లు మాత్రం అస్సలు ఆగొద్దు. అలాగే వయసు ఎంతైనా సరే, గడ్డ మీది చర్మం లోపలికి లాగినట్టు గుంట పడినా, నారింజ తొక్కలా గరుకుగా మారినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, దాని చుట్టూ మానని పుండులా ఉన్నా, చనుమొన నుంచి పిండకుండానే రక్తం గానీ రక్తపు చారలున్న నీరు గానీ వస్తున్నా, చంకలో గడ్డ తగిలినా, రొమ్మంతా ఎర్రబడి యాంటీబయాటిక్ కోర్సు అయిపోయినా తగ్గకపోయినా, ఆ వారంలోనే చూపించుకోండి.

ఎవరికి చూపించాలి? గైనకాలజిస్టుకా?

మొదట గైనకాలజిస్టుకో, జనరల్ సర్జన్‌కో చూపించినా తప్పులేదు, అక్కడి నుంచి స్కానింగ్‌కి రాస్తారు. దగ్గర్లో రొమ్ము సర్జరీలే ప్రత్యేకంగా చేసే సర్జన్ ఉంటే నేరుగా అక్కడికే వెళ్లండి. పల్లెలో ఉంటే ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో చెప్పండి. 30 దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోటి క్యాన్సర్లకు స్క్రీనింగ్ చేయాలనే కార్యక్రమం ఉంది.

చేత్తో చూస్తే ఏం తెలుస్తుందిలే అనుకోకండి. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు సుమారు లక్షన్నర మంది ఆడవాళ్లతో 20 ఏళ్లు నడిపిన అధ్యయనం 2021లో అచ్చయింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేసిన గుంపులో, 50 దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని, వాపు మాత్రలు తెచ్చుకుని "తగ్గుతుందేమో చూద్దాం" అనడం మాత్రం వద్దు.

మగ డాక్టర్ చూస్తారేమోనని సిగ్గుగా ఉంది.

సహజమే. లేడీ డాక్టర్ ఉన్నారా అని ఫోన్‌లోనే ముందే అడగండి, అలా అడగడంలో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. మగ డాక్టర్ పరీక్ష చేసేటప్పుడు గదిలో నర్సో, మీ ఇంటి ఆడవాళ్లో ఉండాలి, లేకపోతే మీరే అడగండి. ముందు విప్పుకునేలా ఉండే జాకెట్ గానీ కుర్తా గానీ వేసుకెళ్తే సులువు. ఆ పరీక్ష ఎంతోసేపు పట్టదు, లేడీ డాక్టర్ దొరికే దాకా అని నెలల తరబడి మాత్రం ఆపకండి.

ఏమేం పరీక్షలు చేస్తారు?

మూడు. డాక్టర్ చేత్తో చూడటం, స్కానింగ్, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపడం, దీన్నే బయాప్సీ అంటారు. ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి, ఏ ఒక్కటి తేడాగా చెప్పినా డాక్టర్ ఇంకా వెతకాలి. చిన్న వయసువాళ్లకు రొమ్ము దట్టంగా ఉంటుంది కాబట్టి మొదట అల్ట్రాసౌండ్ చేస్తారు, నలభై దాటితే మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే), దానితోపాటు అల్ట్రాసౌండ్ కూడా. ఎమ్మారై అందరికీ అక్కర్లేదు. స్కానింగ్‌లో మామూలు సిస్టు అనో, ఏ అనుమానమూ లేదనో స్పష్టంగా తేలితే చాలామందికి సూది దాకా వెళ్లాల్సిన పని కూడా ఉండదు.

ఇంకో సంగతి. కొన్ని ల్యాబుల్లో ప్యాకేజీ పేరుతో సీఏ 15-3 అనే రక్తపరీక్ష చేసేస్తుంటారు. గడ్డ క్యాన్సరా కాదా తేల్చడానికి అది పనికిరాదు. నార్మల్ వస్తే లేని ధైర్యం వస్తుంది, ఎక్కువ వస్తే అనవసరంగా టెన్షన్. దాని మీద పెట్టే డబ్బు స్కానింగ్‌కి పెట్టండి.

మామోగ్రామ్ బాగా నొప్పా? రేడియేషన్‌తో ప్రమాదం లేదా?

రెండు పలకల మధ్య రొమ్మును కొన్ని సెకన్లు గట్టిగా నొక్కుతారు, ఇబ్బందిగానే ఉంటుంది కానీ వెంటనే వదిలేస్తారు. వీలైతే నెలసరి అయిన వారంలో పెట్టుకోండి, నొప్పి తక్కువ. అయితే దానికోసం పరీక్షను వాయిదా వేయొద్దు. ఆ రోజు చంకల్లో, రొమ్ము మీద పౌడరు, డియోడరెంటు రాసుకోకూడదు, ఫిల్మ్‌లో అవి మచ్చల్లా కనిపిస్తాయి. రేడియేషన్ చాలా తక్కువ. పాత ఫిల్ములు ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి, పాతదానితో పోల్చి చూస్తేనే కొన్ని అనుమానాలు అక్కడికక్కడ తీరిపోతాయి.

రిపోర్టులో బైరాడ్స్ 4 అని ఉంది. నెట్‌లో చూసి చేతులు వణికాయి.

ఆ అంకె క్యాన్సర్ స్టేజీ కాదు, ముందు అది గుర్తుపెట్టుకోండి. స్కానింగ్ చూసిన డాక్టర్‌కు ఎంత అనుమానం ఉందో చెప్పే కొలత అంతే. 0 అంటే ఇంకా ఫిల్ములు కావాలి, 1 అంటే ఏమీ లేదు, 2 అంటే మామూలు గడ్డ, 3 అంటే దాదాపు మామూలు గడ్డే, క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు, ఆరు నెలలకు మళ్లీ స్కాన్ చేయించుకోమంటారు. 4 అంటే ముక్క తీసి చూడాలి. ఈ 4లో చాలా తేడాలున్నాయి: 4ఎ అయితే అవకాశం 2 నుంచి 10 శాతం, 4బి అయితే 10 నుంచి 50, 4సి అయితే 50 నుంచి 95 శాతం. 5 అంటే 95 శాతానికి పైనే. 6 అనేది అప్పటికే బయాప్సీలో తేలినవాళ్లకు రాస్తారు.

కాబట్టి ఉత్త "4" అని రాసి ఉంటే అది ఎ నా, బి నా, సి నా అని స్కాన్ చేసిన డాక్టర్‌నే అడగండి. 4ఎ వచ్చినవాళ్లలో పదిమందిలో కనీసం తొమ్మిదిమందికి క్యాన్సర్ కాదు. ఇంత చిన్న సమాచారం రాత్రి నిద్రను కాపాడుతుంది, కానీ రిపోర్టు చేతిలో పెట్టేవాళ్లు తమంతట తాము చెప్పడం తక్కువ, మనమే అడగాలి.

సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందట కదా?

ఈ భయం మన ఊళ్లలో గట్టిగా పాతుకుపోయింది. "ఫలానా ఆవిడ బాగానే ఉండేది, ముక్క తీశాకే ముదిరింది" అని ప్రతి ఊళ్లో ఒక కథ ఉంటుంది. జరిగేది ఏంటంటే, చాలామంది గడ్డ బాగా పెరిగాక ఆసుపత్రికి వెళ్తారు, అప్పుడే బయాప్సీ అవుతుంది, అప్పుడే జబ్బు ఎంతవరకు పోయిందో బయటపడుతుంది, దాంతో నేరం సూది మీద పడుతుంది. సూది వెళ్లిన దారిలో కొన్నిసార్లు కణాలు మిగలొచ్చు, కానీ అక్కడ మళ్లీ గడ్డ పెరగడం చాలా అరుదు, దానివల్ల బతికే అవకాశాలు తగ్గుతాయని ఆధారాలు లేవు. దశాబ్దాలుగా ప్రపంచమంతటా రొమ్ము గడ్డలకు చేస్తున్న పద్ధతి ఇది. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇది పట్టుకుని అడ్డుపడుతుంటే వాళ్లను కూడా డాక్టర్ గదిలోకి తీసుకెళ్లి, ఆ ప్రశ్న వాళ్లచేతే అడిగించండి. బయట మీరు వంద చెప్పినా వినరు, డాక్టర్ నోటి నుంచి వస్తే వింటారు.

సూదీ గీదీ ఎందుకు, గడ్డ మొత్తం తీసేస్తే పోతుంది కదా?

వద్దు. దీని గురించి నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే ఇప్పటికీ చిన్న ఊళ్లలో "చిన్న ఆపరేషన్, తీసేద్దాం, తీశాక ల్యాబ్‌కి పంపిద్దాం" అనడం వింటున్నాను. అది మామూలు గడ్డయితే అక్కర్లేని ఆపరేషన్, అక్కర్లేని మచ్చ. అది క్యాన్సరైతే ఇంకా కష్టం: చుట్టూ ఎంతవరకు తీయాలో తెలియకుండా తీస్తారు, చంకలోని గ్రంథుల సంగతి చూడరు, తర్వాత రెండో ఆపరేషన్ తప్పదు, కొంతమందికి ఆపరేషన్ కంటే ముందు కీమో ఇచ్చి గడ్డను కరిగించి రొమ్మును కాపాడే వీలు ఉంటుంది, అదీ చేజారిపోతుంది. "ముందు సూదితో బయాప్సీ చేయించండి, తర్వాతే ఆపరేషన్ మాట" అని మర్యాదగా, గట్టిగా చెప్పండి. కాదంటే ఇంకో డాక్టర్‌ని చూసుకోండి.

సూదిలోనూ రెండు రకాలున్నాయి. సన్న సూదితో కణాలు లాగేది ఎఫ్ఎన్ఏసీ. కొంచెం లావు సూదితో సన్నని ముక్కలు తీసేది కోర్ బయాప్సీ. అనుమానం ఉన్న గడ్డకు కోర్ బయాప్సీయే మేలు, ఎందుకంటే క్యాన్సరా కాదా అన్నదే కాక, ఏ రకం, ఏ మందుకు లొంగుతుంది అనేవి కూడా ఆ ముక్క మీదే తెలుస్తాయి.

బయాప్సీ రోజు ఎలా ఉంటుంది?

రొమ్ముకు మాత్రమే మత్తు సూది వేస్తారు, అది చురుక్కుమంటుంది. తర్వాత అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది పెట్టి ముక్కలు తీస్తారు, తీసిన ప్రతిసారీ "టక్" అని గట్టి చప్పుడు వస్తుంది. ఆ చప్పుడుకే చాలామంది ఉలిక్కిపడతారు, ముందే ఒకసారి వినిపించమని అడగండి. అరగంటలో అయిపోతుంది, అదే రోజు ఇంటికి వచ్చేయొచ్చు. నల్లగా కమిలి కొన్నాళ్లు ఉంటుంది, భయపడొద్దు. ఐసు ప్యాక్, డాక్టర్ చెప్పిన నొప్పి మాత్ర చాలు, ఆ రెండు రోజులు బిందెలు, బరువులు ఎత్తొద్దు. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు.

ముక్క ఉన్న సీసా మా చేతికే ఇచ్చి ల్యాబ్‌లో ఇవ్వమన్నారు.

ఇది మన దగ్గర మామూలే, కానీ జాగ్రత్తలు ఎవరూ చెప్పరు. ముక్క తీసిన వెంటనే ఫార్మలిన్ అనే ద్రవంలో పడాలి, నీళ్లలోనో సెలైన్‌లోనో కాదు. సీసా మీద మీ పూర్తి పేరు, వయసు, ఎడమా కుడా, తేదీ ఉన్నాయా చూడండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, మూత తీయకండి. అదే రోజు ల్యాబ్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆదివారం, పండగ మధ్యలో వచ్చేలా ఉంటే ముందే ల్యాబ్‌కి ఫోన్ చేసి తెరిచి ఉందా అని కనుక్కోండి, ఎందుకంటే ఫార్మలిన్‌లో మూడు రోజులు దాటి ఉండిపోతే హార్మోన్ పరీక్షలు సరిగ్గా రాకపోవచ్చు. డాక్టర్ రాసిన చీటీతోపాటు స్కానింగ్ రిపోర్టు జిరాక్సు కూడా ఇవ్వండి, స్లైడు చూసే డాక్టర్‌కు అది ఉపయోగం.

రిపోర్టుకి ఇన్ని రోజులెందుకు?

ముక్కను ముందు గట్టిపరిచి, మైనం దిమ్మలో పెట్టి, అతి పలచగా కోసి, రంగులు వేసి, పాథాలజిస్టు మైక్రోస్కోప్‌లో చూడాలి. ఎఫ్ఎన్ఏసీ అయితే ఒకటి రెండు రోజుల్లో వస్తుంది, కోర్ బయాప్సీకి మామూలుగా కొన్ని రోజుల నుంచి వారం. ఏదైనా తేడా కనిపిస్తే ఐహెచ్‌సీ అనే ఇంకో పరీక్ష చేస్తారు, దానికి మరికొన్ని రోజులు. కాబట్టి "ఐహెచ్‌సీకి పంపాం" అంటే క్యాన్సర్ ఖాయం అని అర్థం చేసుకోకండి. మామూలు గడ్డే అని తేల్చుకోవడానికి కూడా ఒక్కోసారి చేస్తారు. రిపోర్టు ఆలస్యమైతే చెడ్డ వార్తే అనుకుని కుమిలిపోతారు చాలామంది, మధ్యలో సెలవు వచ్చినా ఆలస్యమే, పాథాలజిస్టు ఇంకొకరికి చూపించినా ఆలస్యమే. ఆలస్యాన్ని బట్టి ఏమీ ఊహించలేం. చెప్పిన తేదీ దాటితే మరుసటి రోజు పొద్దున్నే ఫోన్ చేయండి, విసుక్కుంటారని ఆగొద్దు.

ఈ రెండు మూడు వారాల్లో ముదిరిపోదా?

పోదు. గడ్డ చేతికి తగిలేంత అయ్యేసరికే లోపల చాలాకాలంగా పెరుగుతూ ఉంటుంది, సరైన పరీక్షల కోసం వెళ్లే కొన్ని వారాలు ఫలితాన్ని మార్చవు. మార్చేది నెలలు. గడ్డ తెలిశాక చికిత్స మొదలవడానికి మూడు నెలలు దాటినవాళ్లలో ఫలితాలు తగ్గినట్టు ఎప్పుడో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మొదలుపెట్టిన రొమ్ము క్యాన్సర్ కార్యక్రమంలో పెట్టుకున్న ఒక లక్ష్యం ఏంటంటే, మొదటిసారి డాక్టర్‌కు చూపించిన 60 రోజుల్లోపు రోగ నిర్ధారణ పూర్తవ్వాలి. ఆ 60 రోజులను మీ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. దానిలోపు అన్నీ నడుస్తుంటే స్థిమితంగా ఉండండి, స్కానింగ్ డేటే నెల తర్వాత ఇచ్చారంటే మాత్రం ఇంకో చోట ప్రయత్నించండి.

రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఈ రోజులు ఎలా గడపాలి?

పగలు ఎలాగోలా గడిచిపోతుంది, వంట, ఆఫీసు, పిల్లలు. లైట్లు తీసేశాకే మొదలవుతుంది. చెయ్యి దానంతటదే గడ్డ మీదికి పోతుంది, పెరిగిందా, ఇంకోటి ఉందా, చంకలో ఏదైనా తగులుతోందా అని. బయాప్సీ తర్వాత ఆ చోటు వాచి ఉంటుంది కాబట్టి పెద్దదైనట్టే తగులుతుంది కూడా. తడమడం వల్ల గడ్డకు ఏమీ కాదు గానీ మీ మనసుకే అవుతుంది, కాబట్టి ఇక రిపోర్టు వచ్చేదాకా చూసుకోవద్దని గట్టిగా అనుకోండి.

ఫోన్‌లో వెతకడం గురించి ఏం చెప్పినా మానరని తెలుసు, నేనూ మానలేదు. కనీసం రాత్రి తొమ్మిది తర్వాత వద్దు. వెతికేటప్పుడు వచ్చే ప్రశ్నలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి, అవి డాక్టర్‌ని అడగాల్సినవి, రెండింటికి జవాబు దొరికినా మేలే. యూట్యూబ్‌లో "ఈ ఆకు తింటే గడ్డ మాయం" అనేవి చూడనే వద్దు.

ధైర్యంగా ఉండు, పాజిటివ్‌గా ఉండు అని అందరూ అంటారు, ఏడుపొస్తే ఏడవండి. మీరు భయపడటం వల్ల రిపోర్టు చెడ్డగా రాదు, నవ్వుతూ ఉంటే మంచిగానూ రాదు. కొంతమందికి గుడికెళ్లి కూర్చుంటే నెమ్మదిస్తుంది, కొంతమందికి బీరువా సర్దుకుంటే, నాకైతే పొద్దున్నే నడవడం పనిచేసింది. భయం గుండెదడగా, తిండి సయించకపోవడంగా, బతకాలనిపించకపోవడంగా మారుతుంటే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఎవరికి చెప్పాలి? ఇంట్లో అందరికీ చెప్పాలా?

ఒక్కరికి మాత్రం తప్పకుండా చెప్పండి. భర్త కావచ్చు, అక్క కావచ్చు, పక్కింటి వదిన కావచ్చు, ఆసుపత్రికి మీతో వచ్చి డాక్టర్ చెప్పేది వినగలిగేవాళ్లు. భయంలో ఉన్నప్పుడు డాక్టర్ మాటల్లో సగం చెవికెక్కవు, రెండో మనిషి రాసుకోవాలి.

మిగతావాళ్లకు ఇప్పుడే చెప్పాలన్న రూలేమీ లేదు. పెద్ద కుటుంబాల్లో ఒకరికి చెప్తే సాయంత్రానికి ఫోన్లు మొదలవుతాయి, ప్రతి ఫోన్‌లోనూ ఒక పోయినవాళ్ల కథ. "రిపోర్టు వచ్చాక నేనే చేస్తాను" అని చెప్పి పెట్టేయండి, లేదా ఆ ఫోన్లు ఎత్తే పని తమ్ముడికి అప్పగించండి.

పిల్లలకు మాత్రం కొంచెం చెప్పడమే మంచిది. ఇంట్లో గుసగుసలు వాళ్లకు అర్థమవుతూనే ఉంటాయి, చెప్పకపోతే ఇంకా భయంకరంగా ఊహించుకుంటారు. "అమ్మకు ఇక్కడ గడ్డ ఉంది, డాక్టర్ టెస్ట్ చేస్తున్నారు, తెలిసిన రోజు నీకూ చెప్తాను" అంటే చిన్నపిల్లలకు చాలు.

మా అమ్మాయికి ఇరవై రెండు. సంబంధాలు చూస్తున్నాం, ఆసుపత్రికి తీసుకెళ్తే నలుగురికీ తెలుస్తుందేమో.

అమ్మా, ఆ వయసులో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం ఫైబ్రోఎడినోమాలే. అల్ట్రాసౌండ్ చేయించి, అవసరమైతే సూది పరీక్ష చేయిస్తే చాలామందికి ఆపరేషన్ కూడా అక్కర్లేదు. దాచిపెట్టి ఏడాది తర్వాత పెద్దదయ్యాక పెద్ద కోత పెట్టించుకోవడం కంటే ఇప్పుడు స్కానింగ్ సెంటర్‌కి వెళ్లి రావడం చాలా తేలిక. ఊళ్లో వద్దనుకుంటే పక్క పట్నంలో చేయించండి. పెళ్లికి, పిల్లలు పుట్టడానికి, పాలివ్వడానికి ఆ గడ్డ సాధారణంగా అడ్డు కాదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ పిల్లకు తను ఏదో తప్పు చేసిందన్నట్టు అనిపించనివ్వకండి.

గర్భంతో ఉన్నాను. పాలిస్తున్నాను. ఇప్పుడు పరీక్షలు చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. అల్ట్రాసౌండ్‌తో బిడ్డకు ఏ ఇబ్బందీ లేదు, సూది బయాప్సీ కూడా చేస్తారు. పాలగడ్డ అనుకుని వదిలేసి ఆలస్యమైనవాళ్లు ఉన్నారు, కాబట్టి పాలు తీశాక, మందులు వాడాక కూడా గడ్డ అలాగే ఉంటే స్కానింగ్ అడగండి.

పసరు కట్టు కడితే గడ్డ కరుగుతుందంటున్నారు.

కట్టించకండి. చర్మం కాలి, పుండు పడి, అసలు గడ్డ ఎంతుందో కూడా తెలియకుండా పోతుంది. కాపడాలు, నూనె మర్దనలు కూడా వద్దు. దిష్టి తీయిస్తామంటే తీయించుకోండి, మొక్కు మొక్కుకోండి, వాటితో పోయేదేమీ లేదు, స్కానింగ్ తేదీ మారనంతవరకు.

డబ్బు గురించి?

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్‌కు చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, తిరుపతిలో టాటా ట్రస్టుల సాయంతో కట్టిన క్యాన్సర్ కేంద్రం ఉంది. మీ జిల్లా బోధనాసుపత్రిలో సర్జరీ ఓపీకి వెళ్లినా పరీక్షలు మొదలవుతాయి. చికిత్స అవసరమైతే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తాయి. అయితే రోగం తేలకముందు చేసే పరీక్షల ఖర్చు ఎంతవరకు వస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం డెస్క్ దగ్గర ముందే అడగండి. ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు ఒకే ఫైల్లో పెట్టుకోండి.

అమ్మ ఏలూరులో, నేను డాలస్‌లో. ఏం చేయగలను?

వెంటనే టికెట్ బుక్ చేయాలని ఉంటుంది, రిపోర్టు వచ్చేదాకా ఆగితే మంచిది, ఎందుకంటే అవసరం పడితే మీరు ఎక్కువ రోజులు ఉండాల్సింది చికిత్స మొదలయ్యాక. ఈలోపు అమ్మతో వెళ్లే మనిషిని ఏర్పాటు చేయండి, డాక్టర్ గదిలో ఉన్నప్పుడు ఫోన్‌లో ఉండొచ్చా అని అడగండి, రిపోర్టులు ఫొటో కాకుండా పీడీఎఫ్ తెప్పించుకోండి. అక్కడి డాక్టర్ ఫ్రెండుకు చూపించడం తప్పు కాదు, కానీ అమ్మకు రోజుకో కొత్త సలహా చెప్పి తికమక పెట్టకండి. అమ్మ "ఏం లేదులే, నువ్వు కంగారు పడకు" అంటుంది, తేదీలు మాత్రం అడిగి మీరు రాసుకోండి.

మగవాళ్లకు వస్తుందా?

వస్తుంది, అరుదు. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో సుమారు ఒక శాతం. చనుమొన కింద గట్టి గడ్డ తగిలితే వాళ్లకీ ఇవే పరీక్షలు.

క్యాన్సర్ అనే వచ్చింది. ఇప్పుడు?

ఆ రోజు ఏ నిర్ణయమూ చేయకండి, "రేపే ఆపరేషన్" అన్నా సరే. గడ్డ ఏ మందుకు లొంగుతుందో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షల ఫలితాలు వచ్చాయా అని అడగండి, హెర్2 దగ్గర 2+ అని ఉంటే ఫిష్ అనే ఇంకో పరీక్ష కావాలి, అవి తెలిస్తేనే ముందు కీమోనా, ఆపరేషనా అన్నది తేలుతుంది. రెండో అభిప్రాయానికి వెళ్లాలంటే కాగితం రిపోర్టు సరిపోదు, ల్యాబ్ నుంచి స్లైడ్లు, మైనం బ్లాకు అడిగి తీసుకోండి, అవి ఇప్పించుకునే హక్కు మీకుంది. అవి ఉంటే మళ్లీ సూది గుచ్చాల్సిన పని చాలాసార్లు తప్పుతుంది. తొలి దశలో తెలిస్తే నయమయ్యే అవకాశాలు చాలా ఎక్కువ, అందరికీ రొమ్ము మొత్తం తీయరు కూడా.

క్యాన్సర్ కాదని వచ్చింది. ఇక అయిపోయినట్టేనా?

ముందు ఊపిరి పీల్చుకోండి. తర్వాత ఆ రిపోర్టు పట్టుకుని స్కానింగ్‌కి రాసిన డాక్టర్ దగ్గరికే వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి: "స్కానింగ్‌లో కనిపించినదానికీ, ముక్కలో వచ్చినదానికీ సరిపోయిందా?" స్కానింగ్ 4సి అని, ముక్కలో ఏమీ లేదని వస్తే, సూది సరైన చోట పడలేదేమో, మళ్లీ తీయాలేమో చూడాలి. "సరిపోలేదు", "ఎటిపికల్" (అంటే కణాలు మామూలుగా లేవని), "నమూనా చాలలేదు" అనే మాటలుంటే పని ఇంకా మిగిలే ఉంది. అన్నీ సరిపోతే, మళ్లీ స్కాన్ ఎప్పుడో అడగండి, చాలామందికి ఆరు నెలలకు చెప్తారు. ఆ తేదీని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా పెట్టించండి. ఈలోపు గడ్డ పెరిగినా, చర్మం మారినా ఆరు నెలలు నిండేదాకా ఆగక్కర్లేదు.